కాన్పయితే పీరియడ్స్ నొప్పి పోతుందన్నారు, నాకు కొత్త రకం నొప్పి మొదలైంది

పాలపిట్ట:

నమస్తే అండి. ఇక్కడ మీరంతా రాసేవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాత్రి రెండు దాటింది, పొట్ట మీద వేడినీళ్ళ బ్యాగు, పక్కన మావాడు నిద్రలో కాళ్ళు ఝాడిస్తూ సరిగ్గా నొప్పి ఉన్న చోటే తన్నుతున్నాడు, ఇక ఎవరినో ఒకరిని అడక్కపోతే తెల్లారేలా లేదని రాస్తున్నాను.

నాకు 29. మాది తెనాలి, ఉండేది మియాపూర్. బాబుకి పదిహేను నెలలు, సిజేరియన్. పెద్దమనిషి అయిన దగ్గర్నుంచీ నాకు నెలసరి అంటే నరకమే. మొదటి రోజు పొద్దున్నే మొదలైతే వాంతులు, విరేచనాలు, చెమటలు, సాయంత్రానికి వడిలిపోయిన తోటకూర కాడలా పడి ఉండేదాన్ని. ఇంటర్ కెమిస్ట్రీ పరీక్ష సగంలో వదిలేసి బయటికొచ్చాను. అమ్మమ్మ, అమ్మ, పక్కింటి పిన్ని, చివరికి చూపించుకున్న డాక్టరమ్మ కూడా ఒకటే మాట, "పెళ్ళయి ఒక కాన్పయితే అదే సర్దుకుంటుందిలే". నేనూ నమ్మాను. ఎంత నమ్మానంటే, కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్ళతో చస్తూ కూడా, పోనీలే దీంతో ఆ పీడ వదులుతుంది అనుకునేదాన్ని.

వాడికి ఏడో నెల నడుస్తుండగా, ఉగ్గు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, మళ్ళీ పీరియడ్ వచ్చింది. నమ్మండి, మొదటి మూడు నెలలు నొప్పి అనేదే లేదు. అమ్మకి ఫోన్ చేసి "నువ్వు చెప్పింది నిజమే" అని కూడా అన్నాను. ఆ తర్వాత మెల్లగా మొదలైంది, కానీ ఇది పాత నొప్పి కాదు. పాతది మధ్యలో బట్ట పిండినట్టు ఉండేది, ఒక్క రోజులో పోయేది. ఇప్పుడు డేటుకి రెండు రోజుల ముందే ఎడమ పక్క సూదితో పొడిచినట్టు మొదలై నాలుగో రోజు దాకా ఉంటోంది. వాంతులూ విరేచనాలూ లేవు. ఆ రోజుల్లో బాబుని ఎడమ చంకన ఎత్తుకోలేకపోతున్నాను.

అత్తయ్యగారేమో పచ్చి ఒంటి మీద చన్నీళ్ళు తాగావు, నడికట్టు కట్టుకోలేదు, అందుకే అంటారు. మా ఆయన స్కాన్ చేయిద్దాం అంటే చేయించాం, అంతా నార్మల్ అని రాసిచ్చారు. మెఫ్టాల్ స్పాస్ వేసుకుంటే కాస్త తగ్గుతుంది. రాత్రిళ్ళు ఇంకా పాలిస్తున్నాను. ఇలా ఎవరికైనా అయిందా? పాత నొప్పే వేషం మార్చుకుని వచ్చిందా?

గోదారి గట్టు:

చెల్లీ, నాకైతే నిజంగానే పోయింది. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. పెళ్ళికి ముందు నీలాగే మెలికలు తిరిగేదాన్ని, పెద్దది పుట్టాక ఆ నొప్పి ఆనవాలు లేదు. కాకపోతే బ్లీడింగ్ పెరిగింది, ఇదివరకు మూడు రోజులయ్యేది ఇప్పుడు అయిదు. ఏదో ఒకటి వదిలితే ఇంకోటి పట్టుకుంటుంది కదా.

ఇంకో మాట, నువ్వడగలేదు కానీ చెప్తున్నా. పాలిస్తున్నాం, పీరియడ్ రాలేదు, ఇక కడుపొచ్చే భయం లేదు అనుకోకండి ఎవరూ. పాలు తప్ప ఇంకేం పెట్టకుండా, బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా, ఒక్కసారి కూడా పీరియడ్ రాకుండా ఉంటేనే ఆ ధీమా. ఆరు దాటాక అండం ముందు విడుదలై పీరియడ్ తర్వాత వస్తుంది కాబట్టి ముందుగా తెలిసే దారి లేదు. నాకు నెలసరి రాకముందే నెల తప్పింది, పెద్దదానికీ చిన్నాడికీ మధ్య పదహారు నెలలే తేడా. రెండో కాన్పు తర్వాత పాలిస్తుంటే పొత్తికడుపు మెలిపెట్టేసేది, మొదటిసారి అంత లేదు. గర్భసంచి మళ్ళీ ముడుచుకోవడం అట, రెండో కాన్పుకి అది ఎక్కువ తెలుస్తుందట. నాలుగైదు రోజుల్లో పోయింది.

నొప్పికి వాము నీళ్ళు, సొంఠి కాఫీ, వేడి కాపడం. అంతకుమించి నాకు తెలీదు.

డాలస్ కోడలు:

గర్భం రాకుండా కాపర్-టి ఏమైనా వేయించుకున్నారా? నాకు పాప పుట్టాక వేశారు, ఆ తర్వాత ఆరు నెలలు నొప్పి, బ్లీడింగ్ రెండూ పెరిగాయి. కాపర్-టితో అలా కావడం మామూలే అని ముందే చెప్పారు, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుందట, నాకు సర్దుకోలేదు. తీయించేసి హార్మోన్ ఉన్న మిరెనా పెట్టించుకున్నాను, అది దీనికి పూర్తిగా ఎదురు, ఇప్పుడు నెలకి నాలుగు చుక్కలు కనిపిస్తే గొప్ప.

ఎందుకడుగుతున్నానంటే ఇండియాలో కొన్ని చోట్ల సిజేరియన్ చేసేటప్పుడే కాపర్-టి పెట్టేస్తారు. అడిగే పెట్టాలి, కానీ నొప్పుల మధ్యలో ఎవరేం చెప్పారో, దేని మీద సంతకం పెట్టామో ఎవరికి గుర్తుంటుంది. మా ఆడపడుచుకి రెండేళ్ళ తర్వాత వేరే దేనికో స్కాన్ చేస్తే అందులో కనిపించింది. డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

నైట్‌డ్యూటీ:

వరంగల్‌లో గైనిక్ వార్డులో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డాక్టర్ని కాదు, కాబట్టి ఇది చదివి డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఇది చదివానుగా అని ఊరుకోకు.

కాన్పయితే పోతుందన్న మాట అబద్ధం కాదమ్మా, కానీ అది ఒక రకం నొప్పి గురించిన మాట. పెళ్ళికి ముందు నీకున్నది గర్భసంచిలో ఏ లోపం లేకపోయినా వచ్చే నొప్పిలా ఉంది. లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి, వాటికి గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటుంది, ఆ బిగింపులో దాని కండకే రక్తం సరిగా అందదు, అదీ నొప్పి. అవే రసాయనాలు పేగుల్ని కూడా కదిలిస్తాయి, నీ విరేచనాలు అందుకే. ఇది చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది, నేను చూసినంతలో నార్మల్ అయినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది. నిండు నెలలకి గర్భసంచి కండలో సన్న నరాలు చాలావరకు పోతాయి, కాన్పయ్యాక అన్నీ తిరిగి రావు, అదొక కారణం.

నీకు మొదటి మూడు నెలలు హాయిగా గడిచిందన్నావు చూడు, దానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పాలిస్తున్నప్పుడు ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, అండం సరిగా విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో బ్లీడింగ్ అయినా నొప్పి అంత ఉండదు. వాడు అన్నం ఎక్కువ తిని పాలు తక్కువ తాగే కొద్దీ అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది, నొప్పి కూడా వెనకే వస్తుంది. కాబట్టి పాత నొప్పి కొంత తిరిగి రావడంలో వింతేమీ లేదు.

కానీ నువ్వు చెప్పింది పాత నొప్పి కాదు. ముందే మొదలవడం, ఒక పక్కనే ఉండటం, నాలుగో రోజు దాకా సాగడం, ఇలాంటిదాన్ని కాన్పు మీదకి తోసేసి ఊరుకోకూడదు. అడినోమయోసిస్ అని ఉంటుంది, లోపలి పొర గర్భసంచి కండలోకి పాకుతుంది. పిల్లలు పుట్టిన ఆడవాళ్ళలో, ముప్ఫైలు నలభైల్లో ఎక్కువ చూస్తాం, బ్లీడింగ్ గడ్డలు గడ్డలుగా పోతుంది. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో పెరిగే కండ గడ్డలు ఉంటాయి. ఇన్ఫెక్షన్ అయితే జ్వరం, వాసన ఉండొచ్చు. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది సంచి బయట పెరగడం, ముందు నుంచే ఉన్నవాళ్ళకి కడుపుతో ఉన్నన్నాళ్ళూ పీరియడ్ రాదు కాబట్టి నొప్పి అణిగి ఉంటుంది, తర్వాత మళ్ళీ తల ఎత్తుతుంది. సిజేరియన్ అయినవాళ్ళలో కొందరికి లోపలి కుట్టు దగ్గర గర్భసంచి గోడలో చిన్న గుంట ఏర్పడి అందులో రక్తం నిలుస్తుంది, పీరియడ్ అయిపోయిందనుకున్నాక కూడా నాలుగైదు రోజులు కాఫీ రంగు మరక కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు చెప్పు, ఆ మరక ఉందా? ఎన్ని ప్యాడ్లు అవుతున్నాయి? ఇద్దరూ కలిసినప్పుడు నొప్పిగా ఉంటుందా? పైన కనిపించే కుట్టు మీద వేలితో నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి చూడు, ఏమైనా తగులుతుందా?

మెఫ్టాల్ స్పాస్ సంగతి. అందులో రెండు మందులుంటాయి, మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్. ఈ రెండోది పాలిచ్చే తల్లులకి వద్దని మందు కాగితంలోనే ఉంటుంది. నువ్వు పాలిస్తున్న సంగతి షాపులో అడగరు, నువ్వూ చెప్పవు. పాలిచ్చేవాళ్ళకి మామూలుగా ఐబుప్రోఫెన్ గానీ పారాసిటమాల్ గానీ ఇస్తారు, నీకు ఏది సరిపోతుందో డాక్టర్ని అడుగు, అల్సర్, ఆస్తమా, కిడ్నీ తేడాలుంటే తప్పకుండా చెప్పు. మెఫెనమిక్ యాసిడ్ మీద కూడా 2023 నవంబరు చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది, అరుదుగా కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం వచ్చి లోపలి అవయవాల దాకా పోతుందని. అరుదే, కానీ ఆ మాత్ర మనవాళ్ళు పిప్పరమెంట్లలా మింగుతారు కాబట్టి చెప్తున్నా.

రామతులసి:

ఇన్ని టెస్టులు, ఇన్ని పేర్లు ఎందుకండీ. ఇంకొకర్ని కనేసి గర్భసంచి తీయించేసుకుంటే మూలమే పోతుంది. మా ఊళ్ళో సగం మంది చేయించుకున్నారు, హాయిగా పొలం పనులు చేసుకుంటున్నారు. పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముంది?

కందిచేను:

రామతులసి గారూ, కోపం తెచ్చుకోకండి, మాదీ ప్రకాశం జిల్లా పల్లెటూరే. మా వదినకి ఇరవై ఎనిమిదేళ్ళకే తీసేశారు. వెళ్ళింది తెల్లబట్ట, నడుం నొప్పి అని. ఆర్‌ఎంపీ ఒక ఆసుపత్రికి పంపాడు, అక్కడ స్కాన్ తీసి "పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి మూడో రోజే ఆపరేషన్ చేశారు. అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి ఆర్నెల్ల తర్వాత ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలై ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే తెలిసింది. ఇప్పుడామెకి నలభై రెండు, ఎముకలు అరిగి చేతికర్ర పట్టింది, మా అమ్మ కంటే నెమ్మదిగా నడుస్తుంది. హాయిగా ఉన్నారన్నారే, వాళ్ళని ఒక్కసారి దగ్గర కూర్చుని అడగండి.

తీయకూడదని నేననను. నలభై అయిదేళ్ళకి ఏ మందుకీ లొంగకుండా రక్తం పోతుంటే తీయాల్సిందే. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి, జబ్బేంటో కూడా తెలియకుండా చెప్పే సలహా కాదది.

పాలపిట్ట:

అందరికీ థాంక్స్. వాడు పడుకున్నాడు, ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

డాలస్ అక్కా, డిశ్చార్జి కాగితం తీశాను, కాపర్-టి లేదు. నైట్‌డ్యూటీ అక్కా, కాఫీ రంగు మరక లేదు. బ్లీడింగ్ మామూలే, రోజుకి మూడు నాలుగు ప్యాడ్లు. మిగతాది అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆ రోజులు తప్ప ఎప్పుడూ నొప్పి లేదు.

కుట్టు మాత్రం మీరు చెప్పాక చూశాను. ఎడమ చివర, కుట్టుకి ఒక వేలు పైన, చర్మం కింద శనగ గింజ కంటే కాస్త పెద్దది గట్టిగా తగులుతుంది. అది నాకు ముందే తెలుసు, స్నానం చేసేటప్పుడు చేతికి తగిలేది, లోపల దారం ముడి ఉండిపోయిందనుకున్నాను. ఆరు నెలలప్పుడు ఒకసారి ఆసుపత్రిలో చూపిస్తే వాళ్ళూ అదే అన్నారు. ఈరోజు నాకు మూడో రోజు. ఇప్పుడు నొక్కితే ప్రాణం పోయింది. పోయినవారం తగిలినప్పుడు ఏమీ లేదు. అదీ ఇదీ ఒకటేనా అక్కా?

నైట్‌డ్యూటీ:

ఆ మాటే నేను వినాలనుకున్నది. చూడకుండా జబ్బు పేరు పెట్టకూడదు, కానీ నెలనెలా డేటుకి నొప్పెక్కి, డేటు అయ్యాక మామూలయ్యే గడ్డ సిజేరియన్ కుట్టు దగ్గర ఉంటే మా డాక్టర్లు ముందు అనుమానించేది స్కార్ ఎండోమెట్రియోసిస్. ఆపరేషన్ అప్పుడు గర్భసంచి లోపలి పొర తునకలు కొన్ని కోత దగ్గర కండలోనో కొవ్వులోనో ఉండిపోయి అక్కడే అంటుకుంటాయి. అది గర్భసంచి పొరే కదా, నెల వచ్చేసరికి దానికీ హార్మోన్లు అందుతాయి, అదీ ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది, పోయే దారి లేక అక్కడే గడ్డ కడుతుంది. కొందరికి నెలల్లో తెలుస్తుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. ఎవరి తప్పూ కాదు, నీ చన్నీళ్ళదీ కాదు, మీ అత్తగారికి చెప్పు.

సిజేరియన్ అయినవాళ్ళలో వందమందికి ఒక్కరికి కూడా రాదు ఇది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం సిజేరియన్లే, అన్ని కోతలు పడుతుంటే అరుదైనది కూడా వార్డుకి వస్తూనే ఉంటుంది. నేనే నాలుగైదు చూశాను. దాన్ని దారం ముడి అనో, హెర్నియా అనో అనుకుని తిప్పి పంపడం కూడా చూశాను.

నీ స్కాన్ నార్మల్ అని రావడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళు గర్భసంచి, అండాశయాలు చూసి ఉంటారు, పైన పొట్ట గోడని చూసి ఉండరు. ఈసారి గడ్డ నొప్పిగా ఉన్న రోజే వెళ్ళు, వేలు పెట్టి చూపించు, "ఇక్కడ, చర్మం కింద చూడండి" అని అడుగు. పీరియడ్‌లో వెళ్ళకూడదేమో అని ఆగకు, దీనికి అప్పుడే వెళ్ళాలి.

కవలల నాన్న:

మగవాణ్ణి మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడకి కవలలు పుట్టిన మూడేళ్ళకి ఇలాంటి తిప్పలే, ఆమెది అడినోమయోసిస్ అని తేలింది. అంతకుముందు వెళ్ళిన ప్రతి చోటా "ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళుంటుంది" అంటే తను ఒకటి చెప్పేది, నేనొకటి చెప్పేవాణ్ణి. చివరికి వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే బ్లీడింగ్ అయిన రోజు ఎర్ర పెన్నుతో సున్నా, నొప్పి ఉన్న రోజు నల్ల పెన్నుతో ఇంటూ, మాత్ర వేసుకుంటే ఒక గీత పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు నెలల కాగితాలు ఫోటో తీసి చూపిస్తే డాక్టరు గారు రెండు నిమిషాల్లో విషయం పట్టేశారు. అవే కాగితాల్లో "పాలు 2, పెరుగు 1" కూడా ఉన్నాయి, ఆవిడ అది కూడా చదివి నవ్వారు.

ఆమెకి రక్తం కూడా తొమ్మిదికి పడిపోయింది. గంట గంటకీ ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, ఏడు రోజులు దాటినా, కళ్ళు తిరిగినా ఊరుకోకండి. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదని మాకు ఏడాది తర్వాత తెలిసింది.

కందిచేను:

పాలపిట్టా, వెళ్ళొచ్చాక ఇక్కడ రాయి, మర్చిపోకు. మా ఊరి ఆశా కార్యకర్తకి చూపించాలి ఇది.

పాలపిట్ట:

వెళ్ళొచ్చి అయిదు వారాలైంది, ఇప్పుడు రాస్తున్నా, సారీ. పోయిన నెల రెండో రోజున వెళ్ళాను, ఈసారి వేరే డాక్టరమ్మ. లోపలికి వెళ్ళగానే టేబుల్ ఎక్కి వేలు పెట్టి చూపించాను. ఆవిడ నొక్కగానే నేను అరిచిన అరుపుకి బయట కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డారట. పొట్ట గోడకి విడిగా స్కాన్ రాశారు. 2.2 సెంటీమీటర్ల గడ్డ, కొవ్వు పొరలో, కండ మీద ఆనుకుని ఉంది. ఎండోమెట్రియోసిస్ లాగే ఉంది, తీసి పరీక్షకి పంపితే ఖాయంగా తెలుస్తుందన్నారు. హార్మోన్ మాత్రలతో నొప్పి అణుగుతుంది కానీ గడ్డ మిగిలిపోవచ్చట, కొంచెం చుట్టూ కలిపి తీసేయడమే మంచిదన్నారు. గర్భసంచి, అండాశయాలు బాగానే ఉన్నాయి. రామతులసి గారూ, సంచి జోలికి ఎవరూ వెళ్ళడం లేదండి.

మెఫ్టాల్ స్పాస్ మాన్పించి ఐబుప్రోఫెన్ ఇచ్చారు, అన్నం తిన్నాక, నొప్పి ముదరకముందే వేసుకోమన్నారు. ఈ నెల దాంతో ఫర్వాలేదు. మధ్యలో పిండే పాత నొప్పి కూడా మొదటి రోజు కొంచెం వచ్చి పలకరించి పోయింది, దాన్ని ఇప్పుడు గుర్తుపట్టగలుగుతున్నాను, అది వేరు, ఇది వేరు.

సంక్రాంతి వెళ్ళాక ఆపరేషన్. అమ్మ తెనాలి నుంచి వస్తానంది. కొన్ని వారాలు బరువులు ఎత్తొద్దన్నారు సర్జన్ గారు. మావాడు పది కిలోలున్నాడు సార్, వాడు కూడా లెక్కలోకి వస్తాడా అనడిగితే, మొదటి బరువు వాడేనమ్మా అన్నారు.